కిటికీ మాట

"చప్పుడు చేయకుండా తుడవలేవా? ఇక్కడ కాల్‌లో ఉన్నాను," అన్నాడు భర్త, గది తలుపు జానెడు తెరిచి. జవాబు కోసం ఆగకుండా మళ్ళీ మూసేసుకున్నాడు. తడిగుడ్డతో భోజనాల బల్ల తుడుస్తున్న ఆమె చేతిని ఇంకాస్త తేలిక చేసింది. తడిగుడ్డకి చప్పుడేమిటో ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాని వాటికి కూడా సర్దుకుపోవడం అలవాటయ్యాక, అర్థం చేసుకునే శ్రమ ఎవరు పడతారు?

ఆ బల్లకి రెండు ఉద్యోగాలు. పొద్దున టిఫిన్లయ్యేదాకా అది భోజనాల బల్ల. తరవాత సగం తుడిచి ఆరబెడితే ఆ సగం ఆమె ఆఫీసు. రెండో సగం మీద అత్తగారి మందుల డబ్బా, కూతురి నోటు పుస్తకాలు, కరెంటు బిల్లులు, ఊరగాయ జాడీ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అది ఎప్పటికీ ఆఫీసు కాలేదు. కూర్చుంటే ఎదురుగా గోడ. వెనక వంటింటి గుమ్మం, గుమ్మం పక్కన బట్టలారేసే స్టాండు. ఆమె కుర్చీ ఎంత జరుపుకున్నా స్టాండు మీది తువ్వాలు అంచు ఒకటి కెమెరాలో పడుతూనే ఉండేది. కిటికీ ఉన్న గది భర్తది. ఇంటి నుంచి పనులు మొదలైన కొత్తలోనే అతను దాన్ని తీసుకున్నాడు. "నాకు క్లయింట్లతో కాల్స్ ఉంటాయి. నీదేముంది, మీవాళ్ళతో కబుర్లేగా," అన్నాడు.

కబుర్లు! సరే, అలాగే అనుకుందాం. యంత్రాలతో పాటు డబ్బాలో సూచనల పుస్తకాలు వస్తాయే, ఎవరూ చదవకుండా సొరుగులో పడేసేవి, వాటిని రాసే సంస్థలో ఆమె ఉద్యోగం. బట్టలుతికే యంత్రం జల్లెడ ఎలా కడగాలి, మిక్సీ మొరాయిస్తే ముందు ఏం చూడాలి, ఇలాంటివి. జట్టులో వాళ్ళంతా తలో ఊళ్ళో తలో ఇంట్లో ఉంటారు. తెర మీది చదరాల్లో తప్ప ఒకరినొకరు చూసుకున్నది లేదు. మొదట్లో వాళ్ళ పొద్దుటి మీటింగులు సంతాపసభల్లా ఉండేవి. మేనేజరు మాట్లాడుతూ ఉండేవాడు, మిగతావాళ్ళు వీడియోలు ఆపేసి ఎవరి కూరగాయలు వాళ్ళు తరుక్కునేవాళ్ళు. "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అని చివర్లో అడిగేవాడు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. ఒకరోజు అతనికి జ్వరం వచ్చి, మీటింగు నడిపించమని ఆమెకి అప్పజెప్పాడు. ఆ తరవాత ఆ పని తిరిగి తీసుకునేంత ఆరోగ్యం అతనికి మళ్ళీ రాలేదు.

ఆమెకి ఆ విద్య ఎవరూ నేర్పలేదు. నలుగురికి వడ్డించే మనిషికి ఎవరి కంచం ఖాళీగా ఉందో కనిపెట్టడం ఒకరు నేర్పాలా? తక్కువ మాట్లాడేవాళ్ళకి మొదటి మాట ఇచ్చేది. పేరు పెట్టి అడిగేది. అడిగాక నోరు మూసుకుని ఊరుకునేది. మౌనం చూసి కంగారుపడి తనే జవాబు చెప్పేసేది కాదు. నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళు ఆలోచిస్తున్నారని ఆమె నమ్మకం. ఎవరైనా సొంత గొప్పలు మొదలుపెడితే పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించేది. అది విని అందరూ నవ్వేవాళ్ళు, మాట్లాడేవాళ్ళతో సహా. దాంతో జట్టులో ఆమెకి గంటక్క అని పేరు పడిపోయింది. గంట పట్టే మీటింగు అందులో సగానికి అయిపోతుంటే, ఆ పేరు పెట్టినవాడికే నవ్వొచ్చింది.

అన్నిటికంటే అందరికీ నచ్చింది కిటికీ మాట. మీటింగు మొదలవగానే ఒక్కొక్కరూ తమ కిటికీలోంచి ఏం కనిపిస్తోందో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఒక్క వాక్యమే, రెండోది మొదలైతే టింగ్. ఒకరికి వాన, ఒకరికి ఎండ, ఒకరికి పక్కింటి గోడ మీద గొడుగు ఆరబెట్టుకుంటున్న ముసలాయన. ఆ ఒక్క మాటతో చదరాల్లోని ముఖాలకి ఇళ్ళొచ్చాయి. మొదటిరోజు అందరి వంతూ అయ్యాక, "మరి మీరు?" అని అడిగాడు పుస్తకాలకి బొమ్మలు గీసే ఆయన. ఆమెకి ఎదురుగా గోడ ఉంది. ఆట పెట్టిన మనిషికే కిటికీ లేదంటే ఏం బాగుంటుంది? "ఎదురింటి మేడ మీద బూడిదరంగు పిల్లి ఎండ కాచుకుంటోంది," అంది.

అబద్ధం చిన్నదే. కానీ పిల్లిని తెచ్చుకున్నాక పెంచాలి కదా. రోజుకో మాట చొప్పున దాన్ని పెంచింది. అది ఒళ్ళు విరుచుకుంది, కాకిని తరిమింది, వానకి అలిగి కనపడకుండా పోయింది. ఒకసారి పిల్లల్ని కూడా పెట్టింది. బొమ్మలాయన ఆ పిల్లలకి బొమ్మలు గీసి అందరికీ పంపాడు. సొంత కూతురి పుట్టినరోజుకి అంతమంది పలకరించలేదు.

మేనేజరు పైవాళ్ళకి, "మా మీటింగులు ఎంత హుషారుగా ఉంటాయో ఒకసారి వచ్చి చూడండి," అని చెప్పుకునేవాడు. ఏడాది చివర పని బేరీజు వేసినప్పుడు మాత్రం, "మీటింగులు నడపడం మీ పనిలోకి రాదు కదా గంటక్కా. అది మీ మంచితనం," అన్నాడు. ఇంట్లో కూడా ఆమె చేసేదంతా మంచితనమే. రెండుచోట్లా మంచితనం చేసీ చేసీ, అసలు పనికి ఆమె మధ్యాహ్నం కునుకు తాకట్టు పెట్టేది.

మొదటిసారి ఆగిపోవడం ఆమె కావాలని చేసింది కాదు. మేనేజరు ఏదో పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అదే క్షణంలో వెనకనుంచి అత్తగారు, "అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అన్నారు, కళ్ళజోడు కోడలే దాచినట్టు. గది తలుపు తెరుచుకుని భర్త ఖాళీ కాఫీ కప్పు గాల్లో ఊపాడు. మూడు వైపుల నుంచి మూడు తాళ్ళు ఒకేసారి లాగితే వస్తువు ఎటూ కదలదు. ఆమె కూడా కదల్లేదు. మ్యూట్ తీయబోయిన వేలు మీట మీద ఉన్నదున్నట్టు ఉండిపోయింది. రెప్ప పడలేదు.

"అయ్యో, గంటక్క స్ట్రక్ అయిపోయారు," అన్నారెవరో.

"నెట్టు పోయినట్టుంది. సరే, ముందుకెళ్దాం," అన్నాడు మేనేజరు.

వాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఎవరూ కోప్పడలేదు, మళ్ళీ పిలవలేదు, తప్పు పట్టలేదు. తప్పు నెట్టుది. ఆ కాసేపట్లో ఆమె లోపల ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు నమ్మరు. ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ ఏమీ అడగని మొదటి క్షణం అది. కాసేపటికి కదిలి, "సారీ, నెట్ సమస్య," అని చాట్‌లో రాసింది. కళ్ళజోడు అత్తగారి తల మీదే ఉంది.

ఆ తరవాత అది ఆమెకి ఒక దొంగ విశ్రాంతి అయింది. దానికీ ఒక పనితనం ఉంది. నిజంగా నెట్టు ఆగితే మనిషి అందమైన ముఖంతో ఆగదు. నోరు కొంచెం వంకరగా, కళ్ళు సగం వాలి ఉండాలి. ఊపిరి భుజాలకి తెలియకుండా పొట్టలోంచి తీయాలి. ముందే మ్యూట్‌లో ఉండాలి. ఆమె ఎంత బాగా నేర్చుకుందంటే, సంస్థవాళ్ళు ఆమెకి కొత్త మోడెం పంపించారు. పనిగంటల్లో అది వస్తే భర్త సంతకం పెట్టి తీసుకున్నాడు. "మీవాళ్ళు నీకు బానే చేస్తున్నారే," అని దాన్ని తన గదిలో పెట్టుకున్నాడు.

అయితే ఈ విద్య తను కనిపెట్టింది కాదని కొన్నాళ్ళకి ఆమెకి తెలిసింది. ఒకరోజు అలా ఆగి ఉన్నప్పుడు దవడ బిగుసుకున్న తీరు ఎక్కడో చూసినట్టనిపించింది. అది అమ్మ దవడ. చిన్నప్పుడు అమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది, అమ్మ కదిలేది కాదు. ఆమె, తమ్ముడు వంటింటి గుమ్మం దగ్గర నించుని, "అమ్మ ఆగిపోయిందిరోయ్," అని చప్పట్లు కొట్టేవాళ్ళు. వాళ్ళకి అదొక ఆట. నాన్న హాల్లోంచి, "నిన్నే! చెవుడా?" అని అరిచేవాడు. అమ్మ కదిలి, ఏమీ జరగనట్టు పొయ్యి తుడుచుకునేది. ఎక్కడికి వెళ్ళొచ్చిందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పొద్దున్నే కెమెరా తెరుచుకునే ముందు తెర నల్లగా ఉండే ఆ ఒక్క క్షణం ఆమెకి భయమేసేది. ఆ నలుపులో కనిపించే ముఖం తనది కాదు. చెంపలు, గడ్డం, సగం వాలిన కళ్ళు అన్నీ అమ్మవి. తరవాత వెలుగొచ్చేది, పిల్లి గురించి ఏదో చెప్పి నవ్వేది. నవ్వుతూ ఉండగానే వెనక ఎవరో నిలబడి గరిటె పట్టుకున్నట్టు మెడమీద చల్లగా తగిలేది.

అప్పటికి ఆగడం ఆమె చేతిలో లేకుండా పోయింది. పిలవకుండానే వచ్చేది. ఒక ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆమె కూర గిన్నెలో గరిటె ముంచి, ఎత్తి, గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు కనిపిస్తున్నాయి, చెవులు వినిపిస్తున్నాయి, చెయ్యి మాత్రం రాదు. భర్త తల్లితో కారు సర్వీసింగు గురించి మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే ఆమె వేళ్ళ మధ్య నుంచి గరిటె తీసుకున్నాడు, తనకి వడ్డించుకున్నాడు, గరిటెను మళ్ళీ ఆమె వేళ్ళ మధ్యే పెట్టేశాడు. మాట తెగలేదు.

"నాన్నా, అమ్మ ఆగిపోయింది చూడు," అని కూతురు పకపకా నవ్వింది.

"నెత్తిమీద ఒకటి మొట్టు. పాత రేడియో కదా, పని చేస్తుంది," అన్నాడతను. అత్తగారు కూడా నవ్వారు. ఆ నవ్వుల్లో చెడు లేదు, అదే ఆమెను వణికించింది. మీటింగులో అయితే కనీసం ఒకరు, "స్ట్రక్ అయ్యారు," అని గమనించేవాళ్ళు.

ఆ రాత్రి వంటిల్లు సర్దుతూ అమ్మ చివరిరోజు గుర్తు తెచ్చుకోకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది. అమ్మ మధ్యాహ్నం హాల్లో కుర్చీలో కూర్చుని పోయింది. నాన్న పక్క కుర్చీలోనే పేపరు చదువుతున్నాడు. పేపర్లో విశేషాలు అమ్మకి చెప్పాడట. మంచినీళ్ళు ఇమ్మన్నాడు. మళ్ళీ అడిగాడు. విసుక్కుని తనే లేచి వెళ్ళి తాగాడు. దీపాలు పెట్టేవేళ దాకా ఎవరికీ అనుమానం రాలేదు, అమ్మ ఆగిపోవడం ఆ ఇంటికి అంత అలవాటు. "రెండుసార్లు అడిగాడటే అక్కా నీళ్ళు," అని తమ్ముడు ఫోన్లో ఏడ్చాడు. ఇప్పుడు ఆమె భయం అదే. తనూ ఒకరోజు ఆగిపోయి మళ్ళీ కదలకపోతే, ఈ ఇంట్లో ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది?

మేనేజరు ఫోన్ చేసింది ఆ వారంలోనే. "పైవాళ్ళు ఇద్దరు రేపు మన మీటింగు చూడ్డానికొస్తున్నారు గంటక్కా. అన్ని జట్లకీ మీటింగులు ఎలా నడపాలో నేర్పడానికి కొత్త ఉద్యోగం పెడుతున్నారు. నేను మీ పేరే చెప్పాను. ఒకటే చిన్న మాట, రేపు ఎవరూ స్ట్రక్ కాకుండా చూడండి. ముఖ్యంగా మీరు," అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మంచితనం ఉద్యోగం కాబోతోంది. దానికొక పేరు, ఒక జీతం, చేసినదానికి చేశావన్న మాట. ఇన్నేళ్ళలో ఆమె ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు.

రాత్రి భర్తని అడిగింది. "రేపు పొద్దున ఒక్క గంట ఆ గది నాకిస్తారా?"

"ఎందుకు?"

"పెద్ద మీటింగుంది. పైవాళ్ళు వస్తున్నారు."

"డైనింగ్ టేబుల్ పారిపోయిందా ఏమిటి?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "నాకూ కాల్ ఉంది రేపు. అయినా నువ్వు ఎక్కడ కూర్చున్నా మాట్లాడగలవు. అదే నీ గొప్పతనం."

"వాడికి ఆ గదిలోనే బుర్ర పనిచేస్తుందమ్మాయ్," అన్నారు అత్తగారు జాలిగా. ఎవరి మీద జాలో తెలియలేదు.

మర్నాడు ఆమె బల్ల తుడిచి, స్టాండు మీది బట్టలు పక్కకి జరిపి, జుట్టు సరిచేసుకుని కూర్చుంది. మీటింగు చక్కగా మొదలైంది. పైవాళ్ళిద్దరూ చదరాల్లో చేతులు కట్టుకుని చూస్తున్నారు. కిటికీ మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. అచ్చుతప్పులు దిద్దే ఆయన తన కిటికీ ఎదుట చెట్టు కొమ్మలు నరికేశారని దిగులుగా చెప్పాడు. ఆ దిగులుకి పైవాళ్ళలో ఒకావిడ చేతులు విప్పి ముందుకు వంగింది. గంటక్కకి ధైర్యం వచ్చింది. చివరి వంతు కొత్తమ్మాయిది. చేరి ఏడాది దాటినా అందరూ కొత్తమ్మాయనే అంటారు. నెమ్మదస్తురాలు, మాట పెగలడానికి టైము పడుతుంది. గంటక్క ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, అలవాటు ప్రకారం ఊరుకుంది.

కొత్తమ్మాయి మాట్లాడలేదు. నోరు కొంచెం వంకరగా, కళ్ళు సగం వాలి, కదలకుండా ఉంది.

"నెట్ సమస్యనుకుంటా, ముందుకెళ్దాం," అన్నాడు మేనేజరు చప్పున. అంటూనే గంటక్కకి ఒక్కదానికే కనిపించేలా చాట్‌లో రాశాడు. "ఆ అమ్మాయిని తీసేయండి. పైవాళ్ళ ముందు బాగోదు."

తీసేయడం చిన్న పని. ఆ చదరం మీద బాణం పెట్టి ఒక్క నొక్కు నొక్కితే మనిషి పోతుంది, మిగతా చదరాలు పెద్దవై ఆ ఖాళీని నింపేస్తాయి. ఎవరో ఒకరు ఉండేవారన్న గుర్తు కూడా మిగలదు. ఆమె బాణం అక్కడిదాకా తీసుకెళ్ళింది. ఇంతకాలం అందరూ తన ముఖాన్ని చూసినట్టే ఆమె కూడా ఆ ముఖాన్నే చూస్తోంది. ఎందుకో చూపు పక్కకి జారింది. కొత్తమ్మాయి వెనక ఆకుపచ్చ కర్టెన్ ఉంది. అది గాలికి ఉబ్బింది, వెనక్కి పోయి కిటికీకి అతుక్కుంది, మళ్ళీ ఉబ్బింది.

నెట్టు ఆగితే కర్టెన్ కూడా ఆగాలి.

ఆమె వేలు మౌస్ మీద నుంచి వచ్చేసింది. అక్కడ, ఆ చదరంలో, గరిటె పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. పాలు పొంగుతున్నాయి, హాల్లోంచి ఎవరో అరుస్తున్నారు, అమ్మ ఎక్కడికో వెళ్ళిపోతోంది.

"ఇప్పుడు కాసేపు చిన్న గదులు," అంది గట్టిగా. మీటింగు నడిపేవాళ్ళ దగ్గర ఒక మీట ఉంటుంది. అది నొక్కితే అందరూ ఇద్దరు ముగ్గురు చొప్పున విడివిడి గదుల్లోకి వెళ్ళిపోతారు, ఒక గది మాటలు ఇంకో గదికి వినపడవు. "మీటింగులో మాట్లాడకపోవడానికి కారణాలేమిటో మీలో మీరు చెప్పుకోండి," అని అప్పటికప్పుడు ఒక విషయం ఇచ్చింది. పైవాళ్ళిద్దరినీ మేనేజరుతో వేసింది. ఇన్నాళ్ళకి అతను వాళ్ళతో తన నోటితో తనే మాట్లాడుకోవాలి. తనని, కొత్తమ్మాయిని ఒక గదిలో వేసుకుంది.

పెద్ద తెర మీద రెండే ముఖాలు మిగిలాయి. ఒకటి కదలడం లేదు.

"అమ్మాయ్," అంది ఆమె మెల్లగా. "కర్టెన్ కదుల్తోందమ్మా."

చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత రెప్ప పడింది. ఒక కంట్లోంచి నీళ్ళు జారాయి. కొత్తమ్మాయి భుజాలు కిందికి దిగాయి. వెనక్కి ఒకసారి చూసుకుని మ్యూట్ తీసింది.

"ఎవరికైనా చెప్తారా అక్కా?"

"చెప్పను. ఏమైంది?"

"మీరు నా పేరు పిలిచారు. అదే టైముకి మా అత్తగారు వెనక నించుని ఇంకెంతసేపు అంటున్నారు. పాప ఏడుస్తోంది. ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలీక..."

"నాకు తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసక్కా," అంది కొత్తమ్మాయి. "చేరిన మొదటి వారమే చూశాను. మీరు స్ట్రక్ అయ్యారన్నారు అందరూ. మీ వెనక తువ్వాలు మాత్రం ఫ్యాన్ గాలికి ఊగుతూనే ఉంది. ఆ రోజు నాకెంత ధైర్యమొచ్చిందో! ఇలా కూడా చేయొచ్చన్నమాట అనుకున్నా. మీ దగ్గరే నేర్చుకున్నానక్కా ఇది."

జట్టుకి ఆమె ఎన్నో నేర్పింది. అడగడం, ఆగడం, వినడం. వాటి మధ్య ఇది కూడా నేర్పుతోందని ఆమెకి తెలియదు.

"మొదట్లో ఎంతో హాయిగా ఉండేది," కొత్తమ్మాయి గొంతు తగ్గింది. "ఇప్పుడు నేను పిలవకపోయినా వస్తోందక్కా. నిన్న పాప మంచం మీంచి జారుతుంటే చూస్తూనే ఉన్నాను. కదల్లేకపోయాను. పాపకేం కాలేదు, దిండు మీద పడింది. కానీ నేను చూస్తూ ఉన్నాను."

"మా అమ్మకి అలాగే వచ్చేది," అంది ఆమె.

"ఇప్పుడెలా ఉన్నారు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కొత్తమ్మాయికి అర్థమైంది. తెర మీద చిన్న గదులు మూసుకుపోతున్నాయన్న సూచన మెరవడం మొదలైంది.

"దీన్ని ఆపేదెలా అక్కా?"

"తెలీదమ్మా. తెలిస్తే నేనెప్పుడో ఆపుకునేదాన్ని." ఆమె ముందుకి వంగింది. "నా వెనక చూసింది నువ్వొక్కదానివే. ఇప్పుడు కూడా చూస్తూ ఉండు. ముందు నేను కదుల్తాను. తరవాత నువ్వు."

గది మూసుకుంది. అందరూ తిరిగి వచ్చారు. మేనేజరు ముఖం చెమటతో మెరుస్తోంది. కొత్తమ్మాయి ఎవరూ అడగకుండానే మ్యూట్ తీసి, "మా నీళ్ళ ట్యాంకు మీద రెండు కాకులున్నాయి," అని చెప్పేసి ఊపిరి పీల్చుకుంది.

"హమ్మయ్య, నెట్టొచ్చింది," అన్నాడు బొమ్మలాయన. "ఇక గంటక్క ఒక్కరే మిగిలారు. పిల్లి ఏం చేస్తోందక్కా ఇవాళ?"

సరిగ్గా అప్పుడే గది తలుపు జానెడు తెరుచుకుంది. భర్త, వెనక తన తెర మీద కాల్ నడుస్తుండగానే, ఖాళీ కప్పు గాల్లో ఊపాడు, దాన్ని తలుపు పక్కనున్న అలమార మీద పెట్టాడు, తలుపు మూసుకున్నాడు. ఆమె కాళ్ళలోంచి చల్లదనం పైకి పాకింది. మోకాళ్ళు, నడుము, వేళ్ళు. దవడ బిగుసుకుంటోంది. అమ్మ వచ్చి పక్కన నిలబడింది, ఎంతో ప్రేమగా. రా, ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు, అన్నట్టు. తెర మీద పైవాళ్ళు చూస్తున్నారు, మేనేజరు పెదవి కొరుక్కుంటున్నాడు. కొత్తమ్మాయి మాత్రం రెప్ప వేయకుండా ఆమె వెనకనున్న తువ్వాలుని చూస్తోంది.

వద్దమ్మా, అనుకుంది ఆమె. నువ్వు రెండుసార్లు అడిగించుకున్నావు. నన్ను ఒకసారే అడిగారు.

"నాకు కిటికీ లేదు," అంది పైకి. కొందరు జోకనుకుని నవ్వారు. "నా ఎదురుగా గోడ ఉంది. మా ఇంటి కిటికీ పక్క గదిలో ఉంది. ఉండండి, చూసి చెప్తాను."

లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుని లేచింది. చదరాల్లో ఉన్నవాళ్ళకి గోడ, మందుల డబ్బా, ఊరగాయ జాడీ, ఊగుతున్న తువ్వాలు, నోరు తెరిచిన అత్తగారు, అలమార మీది కప్పు ఒకదాని వెంట ఒకటి కనిపించాయి. "అమ్మాయ్, వాడు కాల్‌లో ఉన్నాడు!" అన్నారు అత్తగారు. ఆమె భుజంతో తలుపు తోసింది. ఆ తలుపు ఎప్పుడూ జానెడే తెరుచుకునేది. ఇవాళ గోడకి తగిలేదాకా తెరుచుకుంది.

మాట మధ్యలో ఉన్న భర్త ఆమెను చూసి, ఆమె చేతిలో ఇంతమంది ముఖాలు చూసి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. "సర్, మీరు స్ట్రక్ అయినట్టున్నారు," అంది అతని తెర మీది గొంతు. అతని వెనక కిటికీ కర్టెన్ నిదానంగా ఊగుతూ ఉంది.

"కాఫీకి పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండీ," అంది ఆమె, మీటింగుని ఒక విషయం నుంచి ఇంకో విషయానికి నడిపించే గొంతుతో. "ఈ గంట ఈ గదిలో నాకు పనుంది. మీరు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోండి. అది ఎక్కడికీ పారిపోలేదు."

లాప్‌టాప్‌ని అతని కాగితాల మీదే పెట్టింది. వెళ్ళి కర్టెన్ పూర్తిగా పక్కకి లాగింది. ఏళ్ళ తరబడి తనే రోజూ దులిపిన కిటికీ అది. దానిలోంచి బయటికి చూడ్డానికి ఇవాళే ఆగింది. వెనక చదరాల్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె నేర్పినట్టే ఊరుకుని ఎదురుచూస్తున్నారు. ఒక్క వాక్యమే చెప్పాలన్న నియమం ఆమె పెట్టిందే. ఆ నియమాన్ని ఆమే దాటింది.

"ఎదురుగా మేడ లేదు," అంది. "పిల్లి కూడా లేదు. రోడ్డు ఉంది."